క్వీన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’ (1981): ఇన్నేళ్లయినా ఈ ఆల్బమ్ ఎందుకు పాతబడలేదు?

రాగమాలిక_వైజాగ్:
అందరికీ నమస్కారం. రాక్ సంగీతం గురించి మాట్లాడుకునేటప్పుడు ‘హిట్స్ ఆల్బమ్’ అనగానే చాలామంది చిన్నచూపు చూస్తారు. అసలు ఆల్బమ్‌లు వినే ఓపిక లేనివాళ్ల కోసం కంపెనీ వాళ్లు కట్టిన మూట అంటారు. చాలా బ్యాండ్ల విషయంలో అది నిజమే కావచ్చు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ 1981 అక్టోబరు 26న బ్రిటన్‌లో విడుదల చేసిన ‘గ్రేటెస్ట్ హిట్స్’ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

17 పాటలు, గంటకు కాస్త తక్కువ. బ్రిటన్‌లో అన్ని కాలాల్లోనూ ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇదే. 2014లో 60 లక్షల కాపీలు దాటింది, 2022లో 70 లక్షలు దాటింది. ఆ రెండు మైలురాళ్లనీ అక్కడ మొదట అందుకున్నది ఇదే. బీటిల్స్ పుట్టిన దేశంలో మొదటి స్థానం ఒక హిట్స్ సంకలనానిది కావడం గురించి ఆలోచించండి. అందరికీ తెలిసిన పాటలు కాబట్టి కొన్నారు అంటే సరిపోదు. తెలిసిన పాటల సంకలనాలు ప్రతి బ్యాండుకీ ఉన్నాయి, అవన్నీ ఇలా నిలబడలేదు కదా. మీకేమనిపిస్తుంది?

ఎల్పీ_సేకరణ:
మంచి చర్చ మొదలుపెట్టారు. నేను మాత్రం అవతలి పక్షం.

‘బొహీమియన్ రాప్సొడీ’నే తీసుకోండి. 1975లో వచ్చిన ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’లో అది చివరి నుంచి రెండోది. దానికి ముందు 10 పాటలుంటాయి. పాతకాలపు మ్యూజిక్ హాల్ తరహా పాట ఒకటి, జానపదంలా సాగేది ఒకటి, ఎనిమిది నిమిషాల పైన నడిచే ‘ది ప్రాఫెట్స్ సాంగ్’ ఒకటి. అవన్నీ విన్నాక అది వస్తే, అంతవరకూ విన్న రకాలన్నీ ఒక్క పాటలోకి వచ్చి చేరినట్టుంటుంది. హిట్స్ ఆల్బమ్‌లో దాన్ని మొట్టమొదటే పెట్టేశారు. ఎక్కాల్సిన మెట్లు లేకుండానే శిఖరం మీద దింపేశారు. నాకది అన్యాయంగా ఉంటుంది.

ఇంకొకటి, రికార్డు ప్లేయర్ మీద వినేవాళ్లకి. ఒకే ఎల్‌పీ మీద 58 నిమిషాల సంగీతం ఎక్కించారు. సైడుకి అరగంట దగ్గర పడితే గాడులు ఇరుకవుతాయి, సౌండ్ తగ్గించి కట్ చేయాల్సి వస్తుంది. అసలు ఆల్బమ్‌లో ఉన్న బరువు ఇందులో రాదు. పక్కపక్కన పెట్టి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

బేస్_లైన్_బెజవాడ:
సేకరణ గారూ, సౌండ్ విషయం ఒప్పుకుంటా. పాటల విషయం ఒప్పుకోను.

మీరు చెప్పిన ‘మెట్లు’ క్వీన్‌కి ఆల్బమ్‌లో ఎంత ఉన్నాయో సింగిల్స్‌లోనూ, అంటే విడిగా విడుదలైన పాటల్లోనూ, అంతే ఉన్నాయి. ఈ ఆల్బమ్ మొదటి నాలుగు పాటలు వరసగా చూడండి. ‘బొహీమియన్ రాప్సొడీ’లో ఒపెరా ఉంది. వెంటనే ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’, అందులో డిస్కో నడక తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత ‘కిల్లర్ క్వీన్’, పాత క్యాబరే సొగసు. దాని తర్వాత ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’, మోటు రాక్. ఎవరు పాడుతున్నారో తెలియకుండా వింటే నాలుగు బ్యాండ్లనుకుంటారు. ఏ ఒక్క స్టూడియో ఆల్బమ్‌లోనూ ఇంత దూరం దూరంగా ఉన్న పాటలు పక్కపక్కన దొరకవు, ఎందుకంటే అవి 1974 నుంచి 1980 దాకా పరుచుకున్న పాటలు.

దీనికి కారణం రాసినవాళ్లు. ‘బొహీమియన్’, ‘కిల్లర్ క్వీన్’ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీవి. ‘ఫ్యాట్ బాటమ్డ్’ గిటారిస్టు బ్రయన్ మేది. ‘అనదర్ వన్’ బేస్ గిటారు వాయించే జాన్ డీకన్‌ది.

డీకన్ గురించి ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, నేను బేస్ వాయిస్తాను కాబట్టి. ఆయన లండన్‌లో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేశాడు. నలుగురిలో చిన్నవాడు, రికార్డుల మీద గొంతు కూడా కలపడు. ఎవరో పారేసిన సర్క్యూట్ బోర్డు ఒకటి చెత్తలో దొరికితే తీసుకొచ్చి చిన్న ఆంప్లిఫయర్ తయారుచేశాడు. బ్రయన్ మే గిటారుతో వయొలిన్లలా, బాకాల్లా వినిపించే పొరలు చాలావాటిని ఆ ఆంప్ మీదే రికార్డు చేశారు. మన ఈఈఈ, ఈసీఈ వాళ్లకి ఇంతకంటే దగ్గరివాడు రాక్ సంగీతంలో ఇంకెవరున్నారు? అంత మౌనంగా ఉండే మనిషి రాసిన ‘అనదర్ వన్’ 1980లో అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఆ పాటని మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. డ్రమ్స్ ఎక్కడా మారవు, టేపు లూప్ చేసి తిప్పారు. వాటి మీద బేస్ మూడు దెబ్బలు కొట్టి ఆగుతుంది. ఆ ఆగిన చోటే పాట ఊపంతా ఉంది. నేర్చుకునేవాళ్లు స్వరాలు పట్టేస్తారు కానీ ఆ ఖాళీని పట్టలేరు. నా దగ్గరికొచ్చే పిల్లలకి మొదట ఆ ఖాళీనే నేర్పిస్తాను.

న్యూజెర్సీ_శ్రోత:
మీరంతా చెబుతున్నది బ్రిటన్ ఆల్బమ్ గురించి. అమెరికాలో కథ వేరు, దీని మీద ఇక్కడ తెలుగువాళ్లం కలిసినప్పుడు గట్టిగానే వాదించుకుంటాం.

1981 అమెరికా ముద్రణలో 14 పాటలే. మొదటి పాట ‘అనదర్ వన్’, రెండోది ‘బొహీమియన్’. డేవిడ్ బోవీతో కలిసి పాడిన ‘అండర్ ప్రెజర్’ ఇందులో ఉంది, బ్రిటన్ దాంట్లో లేదు. ‘డోంట్ స్టాప్ మీ నౌ’ మాత్రం లేదు, ఎందుకంటే ఆ పాట అప్పట్లో అమెరికా చార్టులో 86 దాటి పైకి రాలేదు.

అసలు గొడవ 1992లో మొదలైంది. ఇక్కడి కొత్త కంపెనీ ‘క్లాసిక్ క్వీన్’ అని ఒకటి, ఎర్ర అట్టతో ‘గ్రేటెస్ట్ హిట్స్’ అని ఒకటి విడివిడిగా వేసింది. ‘బొహీమియన్ రాప్సొడీ’ని మొదటి దాంట్లో పెట్టి రెండో దాంట్లోంచి తీసేసింది. అంటే క్వీన్ గ్రేటెస్ట్ హిట్స్ అని రాసి ఉన్న సీడీ కొని ఇంటికెళ్తే అందులో ‘బొహీమియన్’ ఉండదు! నేను ఈ దేశం వచ్చాక కొన్న మొదటి రాక్ సీడీ అదే. ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ కోపంతోనే మిగతా పాటలన్నీ విన్నాను, ‘సమ్‌బడీ టు లవ్’ దగ్గర కోపం పోయింది.

ఓరుగల్లు_డ్రమ్స్:
ఆ ఎర్ర అట్ట సీడీ మొదలయ్యేది ‘వి విల్ రాక్ యు’తోనే కదా అన్నా? బ్రిటన్ దాంట్లో అది, ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ రెండూ చివర్లో వస్తాయి. నా ఓటు చివరికే. కచేరీల్లో కూడా వాళ్లు ముగించేది వాటితోనే.

‘వి విల్ రాక్ యు’ గురించి ఒక్క మాట. అందులో డ్రమ్స్ లేవు. డ్రమ్మర్‌ని కాబట్టి దీన్ని నేను ఎంతమందికి చెప్పానో. బేస్ లేదు, గిటారు కూడా చివర్లోనే వస్తుంది. మిగతాదంతా కాళ్లు, చప్పట్లు. 1977లో లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో, అదొకప్పటి చర్చి భవనం, అక్కడ పడి ఉన్న పాత చెక్కల మీద నిలబడి తొక్కి రికార్డు చేశారు. దాన్ని మళ్లీ మళ్లీ ఒకదాని మీద ఒకటి వేశారు. బ్రయన్ మే భౌతిక శాస్త్రం చదివినవాడు. ఒక్కో పొరనీ కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ, ఆ ఆలస్యాలు ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో ఉండేలా పెట్టాడు. అందుకే ప్రతిధ్వనిలా మోగదు. ఒకరు దగ్గరగా, ఒకరు దూరంగా, వేలమంది నిలబడి కొడుతున్నట్టు వినిపిస్తుంది.

మా కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ మీద వైర్లు కలపడం ఆలస్యమైతే జనమే ఈ దెబ్బ మొదలుపెట్టేవాళ్లు. ఆ పాట ఎవరిదో వాళ్లలో సగం మందికి తెలియదు. బ్రయన్ మే కోరుకున్నదీ అదే. ఒక కచేరీ అయ్యాక ప్రేక్షకులు వాళ్లంతట వాళ్లే ఆపకుండా పాడటం చూసి, ఇరుక్కుని నిలబడ్డ జనం కూడా చేయగలిగింది ఏముంటుందని ఆలోచించి ఈ పాట రాశానని ఆయనే చెప్పాడు.

కొత్తశ్రోత21:
నేను 2018లో ఈ బ్యాండ్ మీద వచ్చిన సినిమా చూసి క్వీన్ వినడం మొదలుపెట్టాను. ఒక సందేహం. ఇప్పుడు యాప్‌లో బ్యాండ్ పేరు కొడితే ఎక్కువమంది విన్న పాటలు వాటంతటవే వరసగా వస్తాయి. అలాంటప్పుడు ఈ ఆల్బమ్‌కి ప్రత్యేకత ఏముంటుంది? తప్పుగా అనుకోకండి, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

రాగమాలిక_వైజాగ్:
తప్పేముంది తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే.

యాప్ ఇచ్చేది జనం ఎక్కువగా విన్న పాటల లెక్క. ఆ లెక్క రేపటికి మారుతుంది. ఈ ఆల్బమ్ వరస మాత్రం ఒకసారి కూర్చినది. రెండు సైడుల మధ్య ఏం జరుగుతుందో చూడు. మొదటి సైడు ‘సేవ్ మీ’తో ముగుస్తుంది. ప్రేమ విరిగిపోయిన బాధ, పియానో, చివరికి గొంతు చించుకుని పాడటం. రికార్డు తిప్పగానే ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’. ఎల్విస్ కాలపు లయ, ఫ్రెడ్డీ స్వయంగా వాయించిన అకూస్టిక్ గిటారు. మ్యూనిక్‌లో ఒక హోటల్లో స్నానం చేస్తూ కొద్ది నిమిషాల్లో కట్టిన పాట అది. అంత బరువు తర్వాత అంత తేలిక. యాప్ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టదు, పెట్టినా ఆ మధ్యలో లేచి వెళ్లి సైడు తిప్పే విరామం ఉండదు.

బేస్_లైన్_బెజవాడ:
రాగమాలిక గారు చెప్పినదానికి ఇంకొంచెం. మన దగ్గర క్యాసెట్ల దుకాణంలో పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకునే రోజులుండేవి. ఏ పాట తర్వాత ఏది రావాలి, సైడు చివర్లో పాట సగంలో తెగిపోకుండా ఏది పెట్టాలి అని గంటలు గంటలు ఆలోచించేవాళ్లం. ఒక క్యాసెట్ వందసార్లు విన్నాక, ఒక పాట అయిపోతుంటేనే తర్వాతి పాట మొదటి స్వరం మనసులో మోగుతుంది. ఆ పాటని ఇంకెక్కడ విన్నా తర్వాతి పాట కోసం చెవి ఎదురుచూస్తుంది. ఈ ఆల్బమ్ కొన్న లక్షలమందికి అదే జరిగింది. ‘బైసికిల్ రేస్’ అవగానే ‘యు ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ రాకపోతే వాళ్లకి ఏదో వెలితి.

ఆ ‘బెస్ట్ ఫ్రెండ్’ కూడా డీకన్‌దే. భార్య కోసం రాసుకున్నాడు. ఎలక్ట్రిక్ పియానో వాయించడం ఫ్రెడ్డీకి ఇష్టం లేకపోతే, తనే నేర్చుకుని వాయించాడు.

పుణె_తెలుగోడు:
ఒక విషయం ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. ఈ గొంతు కొంతవరకు మన దేశంలోనే తయారైంది.

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. గుజరాత్ మూలాలున్న పార్శీ కుటుంబం. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో మహారాష్ట్రలోని పంచగని సెయింట్ పీటర్స్ స్కూల్లో చేర్పించారు. పియానో పాఠాలు అక్కడే. తోటి పిల్లలతో ‘ది హెక్టిక్స్’ అని మొదటి బ్యాండ్ కట్టింది అక్కడే. ఫ్రెడ్డీ అన్న పిలుపు మొదలైందీ అక్కడే. 1964లో జాంజిబార్ విప్లవం తర్వాత కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది.

మన వాళ్లు చాలామంది మహాబలేశ్వర్ వెళ్లినప్పుడు పంచగని మీదుగానే వెళ్తారు. స్ట్రాబెర్రీలు కొనుక్కుని ముందుకు సాగిపోతారు. ఇక్కడే పెరిగాడని చెబితే నమ్మరు. నేను చెప్పిన ప్రతిసారీ అదే ఆశ్చర్యం.

ఇంకో సంగతి. 2004లో ఇరాన్‌లో క్వీన్ హిట్స్ సంకలనం ప్రభుత్వ అనుమతితో అమ్మకానికి వచ్చింది. అక్కడ అలా అధికారికంగా అనుమతి పొందిన మొదటి రాక్ బ్యాండ్ వీళ్లే. కొన్ని ప్రేమ పాటలు తీసేశారు, పాటల అర్థం వివరిస్తూ పుస్తకం జతచేశారు. పార్శీల పూర్వీకులు ఆ నేల నుంచే వచ్చారు కదా. ఫ్రెడ్డీ 1991 నవంబరు 24న పోయాడు. ఆ నేలకి ఆయన గొంతు రాజమార్గంలో చేరడం ఆయన చూడలేదు. అది తలుచుకుంటే నాకు మనసు భారమవుతుంది.

ఎల్పీ_సేకరణ:
ఇరాన్ సంగతి చెప్పినందుకు ధన్యవాదాలు, చాలా బాగుంది.

మళ్లీ నా వాదనకి వస్తాను. అమ్మకాలే గొప్పతనానికి గుర్తు అయితే ఈగిల్స్ 1976లో వేసిన హిట్స్ ఆల్బమ్ సంగతేంటి? 2018లో అమెరికాలో 3 కోట్ల 80 లక్షల కాపీలకి సర్టిఫై అయింది. అందులో ‘హోటల్ కాలిఫోర్నియా’ లేదు, ఆ పాట అదే ఏడాది చివర్లో వచ్చింది. మన హాస్టళ్లలో గిటారు పట్టుకున్న ప్రతివాడూ మొదట వాయించేది ‘హోటల్ కాలిఫోర్నియా’. ఆ హిట్స్ ఆల్బమ్‌లో పాట పేరు ఒక్కటి చెప్పమంటే చాలామంది ఆగిపోతారు.

న్యూజెర్సీ_శ్రోత:
సేకరణ గారూ, ఆ మాట ఈ చర్చకి బలమే ఇస్తోంది. ఈగిల్స్ ఆల్బమ్ మొత్తం ఒకే వాతావరణం. కారులో పెట్టుకుంటే ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిందో తెలియకుండా సాగుతుంది. ఇక్కడి హైవేల మీద దాని అందం దానిదే, నేను తక్కువ చేయను. క్వీన్‌ది దానికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి మూడు నిమిషాలకీ తల తిప్పి చూసేలా చేస్తుంది. మా ఇంట్లో మా అమ్మాయికి ‘డోంట్ స్టాప్ మీ నౌ’, మా ఆవిడకి ‘లవ్’ అన్న మాట ఉన్న పాటలన్నీ, ఊరి నుంచి వచ్చిన మా మావయ్యకి ‘ఛాంపియన్స్’. ముగ్గురికీ ఒకే సీడీ.

రాగమాలిక_వైజాగ్:
‘డోంట్ స్టాప్ మీ నౌ’ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ ఆల్బమ్ చేసిన మేలు ఆ పాటలో కనిపిస్తుంది. 1979లో సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్‌లో 9వ స్థానం దగ్గర ఆగిపోయింది. బ్రయన్ మేకి మొదట్లో అంతగా నచ్చలేదు కూడా. ఫ్రెడ్డీ ఎంచుకున్న జీవితం గురించి దిగులు ఉండేదని ఆయనే చెప్పాడు. పాటంతా పియానో మీదే పరుగెడుతుంది, గిటారుకి చిన్న సోలో ఒక్కటే. ఆ పాట ఉన్న ‘జాజ్’ ఆల్బమ్‌ని విమర్శకులు అప్పట్లో బాగా తిట్టారు. హిట్స్‌లో పెద్ద పాటల మధ్య చోటు దొరికింది కాబట్టి ఏళ్ల తరబడి లక్షల ఇళ్లలో మోగుతూనే ఉంది. ఇవాళ కొత్త పిల్లలు క్వీన్ అనగానే మొదట చెప్పే రెండు మూడు పాటల్లో అదొకటి.

సేకరణ గారూ, మీరు చెప్పిన మెట్ల పద్ధతిలో అయితే ఆ పాట ‘జాజ్’ చివర్లో ఉండిపోయేది. అంతవరకూ వెళ్లేవాళ్లు ఎంతమంది?

ఎల్పీ_సేకరణ:
ఇది బలమైన మాట, కాదనను. ‘జాజ్’ మొత్తం వినమని నేను కూడా అందరికీ చెప్పను.

ఓరుగల్లు_డ్రమ్స్:
డ్రమ్మర్ల తరఫున నా ఫిర్యాదు రాసుకోండి. బ్రిటన్ ఆల్బమ్‌లో 17 పాటలుంటే క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసినది ఒక్కటీ లేదు. నలుగురూ హిట్లు రాసిన బ్యాండ్ అంటాం, ఈ ఆల్బమ్‌లో ముగ్గురే ఉన్నారు. ఆయన ‘రేడియో గా గా’ 1984లో వచ్చింది, అది 1991 అక్టోబరులో వచ్చిన ‘గ్రేటెస్ట్ హిట్స్ 2’లో చేరింది. కానీ ఆయన గొంతు మాత్రం ఇక్కడ ప్రతిచోటా ఉంది. ‘బొహీమియన్’ ఒపెరా భాగంలో అన్నిటికంటే పైనున్న ఆ సన్నటి కేక రోజర్‌దే.

‘సమ్‌బడీ టు లవ్’లో చర్చి గాయకబృందం అంతా ఉన్నట్టు వినిపిస్తుంది కదా, అక్కడ ఉన్నది ఫ్రెడ్డీ, బ్రయన్, రోజర్ ముగ్గురే. ఒకే వాక్యాన్ని ముగ్గురూ కలిసి పాడి, మళ్లీ పాడి, పొరలుగా వేశారు. కొత్తశ్రోత తమ్ముడూ, ఈ రాత్రికి ఆ పాట పెట్టి, మధ్యలో వాద్యాలన్నీ తగ్గి గొంతులూ చప్పట్లూ మిగిలే చోట విను. కింద ఒకరు మొదలుపెడతారు, ఒక్కొక్కరుగా చేరుతూ పైకి ఎక్కుతారు.

కొత్తశ్రోత21:
ఇప్పుడే విన్నాను అన్నా. ఆ చోటు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నా. ముగ్గురే అంటే నమ్మబుద్ధి కావట్లేదు.

ఇప్పుడు అసలు ఆల్బమ్‌లలో ఎక్కడ మొదలుపెట్టాలి? ఎల్‌పీ ఒకటి కొందామని కూడా అనుకుంటున్నా.

ఎల్పీ_సేకరణ:
సంతోషం. హిట్స్‌లో నీకు ‘కిల్లర్ క్వీన్’ నచ్చితే 1974 ‘షీర్ హార్ట్ అటాక్’కి వెళ్లు. ‘నౌ ఐయామ్ హియర్’ కూడా అందులోదే. ‘బొహీమియన్’ నచ్చితే ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’, ‘సమ్‌బడీ టు లవ్’ నచ్చితే 1976 ‘ఎ డే ఎట్ ది రేసెస్’. హిట్స్‌ని ఎల్‌పీ మీద కొనేటట్టయితే రెండు రికార్డుల మీద వేసిన కొత్త ముద్రణ చూడు. పాటలకి చోటు ఎక్కువుంటుంది, బేస్ నిండుగా వస్తుంది. పాత ముద్రణ దొరికితే కొనే ముందు మొదటి పాట గాడులు అరిగాయేమో వెలుతురులో తిప్పి చూడు. ఈ ఆల్బమ్ కొన్నవాళ్లందరూ ఎక్కువ వాడింది అక్కడే.

బేస్_లైన్_బెజవాడ:
చివరిగా ఒకటి, ఇది ఎప్పటికీ తెగని గొడవ అని తెలుసు. ‘ఫ్లాష్’ ఇందులో ఉండాలా? సినిమా కోసం చేసిన పాట, మధ్యలో సంభాషణలు. దాని బదులు ‘టై యువర్ మదర్ డౌన్’ పెట్టి ఉంటే రెండో సైడు ఇంకా గట్టిగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఓరుగల్లు_డ్రమ్స్:
‘ఫ్లాష్’ తీసేస్తే ఊరుకోను అన్నా. ఆ మొదటి దెబ్బలు వినే నేను డ్రమ్స్ నేర్చుకుంటానని మా నాన్నతో పట్టుబట్టాను. రేపు దీని మీద విడిగా చర్చ పెడతాను, అందరూ రండి.